గొలుసులోంచి ఒకటి తీయడం

కరీంనగర్‌లో చాలా ఏళ్లుగా ఇంజనీరింగ్ పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ చెబుతున్నాను. లింక్డ్ లిస్టులో నోడు చేర్చడం వాళ్లు మొదటి గంటలోనే పట్టేస్తారు. తీసేయడం దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. పుస్తకంలో అది నాలుగు వరుసల కోడ్, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ఆ నాలుగు వరుసలు కుదురుకోవడానికి పెద్ద పెద్ద బుర్రలకు దశాబ్దాలు పట్టిందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. ఇవాళ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అని పిలుస్తున్న పద్ధతిలో గుండెకాయ లాంటి ఆలోచన ఒక లిస్టు దగ్గరే పుట్టిందనీ చెప్పదు. ఆ కథ మన పిల్లలకు తెలియాలన్న తపనతో ఇది రాస్తున్నాను.

నేను బోర్డు మీద డబ్బాలూ బాణాలూ గీసే ముందు చెరువులు గీస్తాను. కాకతీయుల కాలం నుంచీ మా నేల మీద చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండితే మత్తడి దుంకి, ఆ నీళ్లు కాలువ పట్టి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే ఆ కిందిదానికి. ఇప్పుడు నడిమి చెరువు శిఖంలో ప్లాట్లు పడ్డాయనుకోండి. పై మత్తడి నీళ్లను కింది చెరువుకు తిప్పే కాలువ ముందు తవ్వాలి, ఆ తర్వాతే నడిమి కట్ట జోలికి పోవాలి. వరుస తప్పితే కింది చెరువులన్నీ ఒక్కసారే ఎండుతాయి. ఇంకో చిక్కు ఉంది. నీళ్లకు కింది చెరువు దారే తెలుసు. నడిమి చెరువును తీయాలంటే మార్చాల్సింది దాని పైచెరువు కాలువ. ఆ పైచెరువు ఏదో నడిమి చెరువుకు తెలియదు. గొలుసు మొదటి నుంచి ఒక్కొక్క కట్టే దాటుకుంటూ వచ్చి, "దీని తర్వాతిదే మనం తీసేది" అన్న చోట ఆగాలి.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ బొమ్మ చూస్తూనే అడిగింది: "సార్, మొదటి చెరువునే తీసేస్తే? దానికి పైన చెరువే లేదు గదా, ఎవరి కాలువ తిప్పాలె?" ఇంతకంటే మంచి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. దాని జవాబు ఓస్లోలో దొరికింది. అక్కడికి పోయే ముందు అమెరికాలో ఆగాలి.

1955, 56 సంవత్సరాల్లో రాండ్ కార్పొరేషన్‌కు చెందిన అలెన్ న్యూయెల్, క్లిఫ్ షా, వాళ్లతో కలిసిన హెర్బర్ట్ సైమన్ లాజిక్ థియరిస్ట్ అనే ప్రోగ్రామ్ తయారు చేశారు. రసెల్, వైట్‌హెడ్ రాసిన ప్రిన్సిపియా మాథమెటికా రెండో అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాల్లో 38 సిద్ధాంతాలను అది నిరూపించింది. నిరూపణ నడుస్తున్నప్పుడు తర్కవాక్యాలు పెరుగుతాయి, తరుగుతాయి, కొన్ని పనికిరావని తేలిపోతాయి. ఏది ఎంత పొడుగవుతుందో ముందు ఎవరికీ తెలియదు. వాళ్ల జానియాక్ యంత్రానికి ఉన్నది 4,096 వర్డ్‌ల కోర్ మెమరీ. అందులో ప్రతి వాక్యానికీ ముందే జాగా కేటాయించి పెట్టడం అయ్యే పని కాదు. అందుకని ప్రతి గడిలో విలువతో పాటు తర్వాతి గడి చిరునామా కూడా రాసుకున్నారు. ఆ పద్ధతికి వాళ్లు కట్టిన భాష ఐపీఎల్. 1957లో న్యూయెల్, షా రాసిన పత్రంలో గడులూ బాణాలూ గీసిన బొమ్మలున్నాయి. ఇవాళ నేను బోర్డు మీద గీసేది ఇంచుమించు వాటినే.

ఐపీఎల్‌లో నాకు బాగా నచ్చేది ఖాళీ గడుల ఏర్పాటు. వాడని గడులన్నీ కూడా ఒక లిస్టే. కొత్త గడి కావాలంటే అందులోంచి తెచ్చుకోవాలి, అక్కర తీరిన గడిని మళ్లీ అందులోకే చేర్చాలి. అంటే ఒక లిస్టులోంచి తీయడం ఇంకో లిస్టులో చేర్చడంతోనే పూర్తవుతుంది. పిల్లలు మొదటి సగం చేసి రెండో సగం మరచిపోతారు. గడి ఇటూ ఉండదు, అటూ ఉండదు. అలాంటివి పోగుపడి కాసేపటికి మెమరీ అయిపోతుంది. ఐపీఎల్‌లో ఆ రెండో సగం బరువు పూర్తిగా ప్రోగ్రామర్ మీదే ఉండేది. ఎక్కడెక్కడ ఏ గడి అవసరం తీరిందో అతనే గుర్తుపెట్టుకోవాలి.

1956 ఎండాకాలంలో డార్ట్‌మత్ సమావేశంలో జాన్ మెకార్తీ ఈ లిస్టుల సంగతి విన్నాడు. ఐబీఎం 704 మీద తన సొంత భాష కట్టాలనుకున్నాడు. అదే లిస్ప్, 1958లో మొదలైంది. గడులు తిరిగి ఇచ్చే పని ప్రోగ్రామ్‌లో ప్రతిచోటా రాయడం అతనికి మహా వికారంగా తోచింది. అతని పరిష్కారం ధైర్యమైనది: ఎవరూ ఏదీ తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఖాళీ గడులు పూర్తిగా అయిపోయినప్పుడు పని ఆపి, ప్రోగ్రామ్ చేతిలో ఉన్న చిరునామాల నుంచి బాణాలు పట్టుకుని పోతే అందే గడులన్నిటికీ గుర్తు పెట్టాలి. గుర్తు పడనివన్నీ ఖాళీ లిస్టుకు. 1960 నాటి అతని ప్రసిద్ధ పత్రంలో ఈ పద్ధతి ఉంది. దీనికే గార్బేజ్ కలెక్షన్ అని పేరు పడింది. మెకార్తీ తర్వాత చెప్పుకున్న ఒక ముచ్చట ఉంది. ఎంఐటీలో పరిశ్రమల వాళ్ల ముందు లిస్ప్ చూపిస్తుండగా మధ్యలో మెమరీ నిండింది. సెకనుకు పది అక్షరాలు కొట్టే ముద్రణ యంత్రం తాపీగా, గార్బేజ్ కలెక్టర్‌ను పిలిచారు, దాని వివరాలివిగో అంటూ పేజీ నింపసాగింది. ఆ పేరు ఎన్నడూ వినని సభ నవ్వుల్లో మునిగింది. సమయం అంతటితో సరి. అప్పుడు నవ్వు తెప్పించిన ఆ పని మీదే ఇవాళ జావా ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయి.

అదే 1960లో జార్జ్ కాలిన్స్ ఇంకో దారి చూపించాడు. అతని పత్రం శీర్షికలోనే లిస్టుల్ని చెరిపేయడం గురించి అని ఉంది. ఒక గడిని ఎంతమంది చూపిస్తున్నారో లెక్క పెట్టుకోవాలి, ఆ లెక్క సున్నా అయిన క్షణమే గడి ఖాళీ. తేలికగా ఉంది, వెంటనే పని అవుతుంది. చిక్కల్లా ఒకదాన్నొకటి చూపించుకునే జంటలతో. బయటివాళ్లందరూ వదిలేసినా వాటి లెక్క ఎప్పటికీ సున్నా కాదు. 1963లో జోసెఫ్ వైజెన్‌బామ్ తెచ్చిన స్లిప్ అనే లిస్టు భాషలో ప్రతి గడికీ ముందుదీ వెనుకదీ రెండు చిరునామాలూ ఉన్నాయి. ఎలైజా అనే మాట్లాడే ప్రోగ్రామ్‌ను అతను కట్టింది ఈ స్లిప్‌తోనే. పైచెరువు ఏదో తెలియదన్న చిక్కు అక్కడితో తీరింది. తీయాల్సిన గడి చేతిలో ఉంటే చాలు, మొదటి నుంచి నడిచి రానక్కర్లేదు.

ఇక ఓస్లో. నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె-యోహాన్ డాల్ వరుసల్నీ జనాన్నీ యంత్రాల్నీ కంప్యూటర్‌లో అనుకరించే భాష మీద పని చేస్తున్నారు. పేరు సిములా. 1966లో విల్లార్-ద-లాన్ అనే ఊళ్లో జరిగిన వేసవి పాఠశాలలో టోనీ హోర్ రికార్డుల గురించి చెప్పిన ఆలోచనలు వాళ్లకు బాగా పట్టాయి. కానీ ఒకచోట ముడి పడింది. ఒక వంతెన, దాని మీద టోల్ గది, దాని ముందు వరుసలో బస్సులూ లారీలూ ఉన్నాయనుకుందాం. రాజీవ్ రహదారి మీద తిరిగే మాకు ఈ దృశ్యం కొత్త కాదు. రేణికుంట టోల్‌గేటు దగ్గర రామగుండం వైపు లారీల నడుమ ఆర్టీసీ బస్సు ఆగి ఉండటం రోజూ చూస్తాం. బస్సుకు ప్రయాణికుల లెక్క ఉండాలి, లారీకి సరుకు బరువు ఉండాలి. రెండూ వేరు వేరు రకాలు. అయినా రెండూ ఒకే వరుసలో నిలబడాలి, వంతు రాగానే వరుసలోంచి తప్పుకోవాలి. లిస్టులో నిలబడే గుణం బస్సుకు ఒకసారి, లారీకి ఒకసారి విడివిడిగా ఎందుకు రాయాలి?

అప్పటికి వాళ్ల దగ్గర ఒక సన్నని లిస్టు నిర్మాణం రాసి ఉంది: ఒక తల, కొన్ని లింకులు. 1966 చివర, 1967 మొదటి రోజుల్లో వాళ్లకు తట్టిందేమిటంటే, లింకును ముందు పెట్టి దానికి బస్సును అంటిస్తే రెండూ కలిసి ఒకే వస్తువవుతాయి. లారీకీ అంతే. బస్సు ఒక లింకు, లారీ ఒక లింకు. లింకుకు తెలిసిన పనులన్నీ బస్సుకూ లారీకీ పుట్టుకతో వస్తాయి. ఇన్‌హెరిటెన్స్ పుట్టుక ఇది. డాల్, నైగార్డ్ తర్వాత తమ భాష చరిత్ర రాసినప్పుడు ఈ వంతెన సంగతి స్వయంగా చెప్పారు. మన పాఠ్యపుస్తకాలు ఇన్‌హెరిటెన్స్‌కు జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణ ఇస్తాయి. అసలు పుట్టుక లింక్డ్ లిస్టు దగ్గర ఉండగా పిల్లికి ఎందుకు పోయామో నాకు అర్థం కాదు. లిస్టులో ఉండటమూ లిస్టులోంచి పోవడమూ నేర్చిన వస్తువే మొదటి సబ్‌క్లాసు.

1967 మే నెలలో ఓస్లో బయట లిసెబూలో జరిగిన సమావేశంలో ఈ భాష లోకానికి తెలిసింది. అందులో సిమ్‌సెట్ అనే సిద్ధ క్లాసు ఉంది. దాని లోపల లింకేజ్ అనే తల్లి క్లాసు, దానికి హెడ్, లింక్ అనే ఇద్దరు పిల్లలు. జగిత్యాల అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. హెడ్ అన్నది విలువ ఏదీ మోయని నోడు, ఎప్పుడూ తీయనిది. మొదటి లింకుకు ముందూ అదే, చివరి లింకుకు తర్వాతా అదే. లిస్టు మొత్తం దాని చుట్టూ వలయంగా తిరుగుతుంది. అప్పుడు మొదటిదని, చివరిదని ప్రత్యేకమైన నోడే ఉండదు. ప్రతి లింకుకూ ఇటొకరు అటొకరు ఉంటారు. పిల్లలు డిలీట్ రాసేటప్పుడు పేర్చుకునే ఇఫ్‌లన్నీ, మొదటిదైతే ఇట్లా, చివరిదైతే అట్లా, ఒక్కటే ఉంటే ఇంకోలా అన్నవన్నీ, ఒక్క ఖాళీ నోడుతో రాలిపోతాయి.

ఇంకా గొప్ప సంగతి, తీసే పని ఎవరిది అన్నది. సిములాలో లిస్టు ఎవరినీ గెంటదు. బస్సు తనకు తానే అవుట్ అంటుంది. తన వెనుకవాడికి ముందువాణ్ణి, ముందువాడికి వెనుకవాణ్ణి చూపించి, తన రెండు చిరునామాల్నీ చెరిపేసుకుని బయటికొస్తుంది. అసలు ఏ వరుసలోనూ లేని బస్సు అవుట్ అన్నా ఏ ప్రమాదమూ లేదు. ఇంకో వరుసలోకి ఇంటూ అన్నదంటే, ముందు పాత వరుసలోంచి తానే తప్పుకుంటుంది. ఇంత మర్యాదైన తొలగింపు నాకు తర్వాతి భాషల్లో కనపడలేదు. దీనికో పరిమితి ఉంది, నిజమే. లింకు వస్తువు ఒంట్లోనే ఉంది కనుక అది ఒకేసారి రెండు లిస్టుల్లో ఉండలేదు.

సిములా వాళ్లకు రికార్డుల ఆలోచనలిచ్చిన హోరే 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం నల్ అనే ఎటూ చూపించని చిరునామాను పెట్టాడు. 2009లో ఒక సభలో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పు అన్నాడు. ఆ తప్పు మా ల్యాబుల్లో ఎంత తిరిగిందో నేను చూశాను. సిములా మా దాకా వచ్చింది ఇంకో దారిలో. కేంబ్రిడ్జ్‌లో సిములా వాడి, దాని అందం మరచిపోలేక 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు క్లాసులు తొడిగినవాడు బియార్న్ స్ట్రౌస్ట్రప్. 1985కు అది సి ప్లస్ ప్లస్‌గా బయటికొచ్చింది. అందులో గార్బేజ్ కలెక్టర్ లేదు. న్యూ అన్నవాడే డిలీట్ అనాలి. ఒక రకంగా ఐపీఎల్ కాలం నాటి బరువు మళ్లీ ప్రోగ్రామర్ నెత్తికెక్కింది. డిస్ట్రక్టర్ ఉంది కనుక ఆ బరువును క్లాసు లోపల ఒకేచోట పెట్టుకునే వీలు మాత్రం దొరికింది.

మా దగ్గర అది టర్బో సి ప్లస్ ప్లస్ నీలి తెరగా వచ్చింది. విడుదలై ఎంతో కాలమైనా చాలా ల్యాబుల్లో అదే తెర. డాస్‌లో మెమరీకి కాపలా లేదు. నోడును డిలీట్ చేశాక కూడా దాని నెక్స్ట్‌ను, అంటే తర్వాతి నోడు చిరునామాను, చదివితే చాలాసార్లు పాత విలువే దొరుకుతుంది. లూప్ చక్కగా తిరుగుతుంది, పిల్లవాడు రికార్డులో రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు. అదే ప్రోగ్రామ్ లినక్స్ మీద పెడితే కూలిపోవచ్చు. నల్ చూపించే చోట రాసేస్తే, ప్రోగ్రామ్ ముగిశాక "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక్క వాక్యం తెర మీద పడేది. ఎక్కడ జరిగిందో చెప్పేది కాదు. జవాబు సరిగ్గా వచ్చింది కదా, ఆ వాక్యాన్ని పట్టించుకోవద్దని పిల్లలకు చెప్పిన ల్యాబులున్నాయి. నాకు ఇప్పటికీ బాధ కలిగేది ఆ మాటకే. తీసేయడానికి ముందు నెక్స్ట్‌ను దాచుకోవడం అన్న ఒక్క అలవాటు అక్కడ నేర్పి ఉంటే ఆ పిల్లల్లో ఎంతమందికి ఉద్యోగంలో రాత్రుళ్లు మిగిలేవో!

జావాలో లింక్డ్‌లిస్ట్ అనే సిద్ధ క్లాసు 1998లో 1.2 వెర్షన్‌తో వచ్చింది. సిములాకు ఇది తలకిందులు. ఇక్కడ వస్తువుకు తాను లిస్టులో ఉన్న సంగతే తెలియదు. లిస్టు తన సొంత నోడు తయారు చేసుకుని దాని లోపల వస్తువును పట్టుకుంటుంది. ఒకే విద్యార్థి వస్తువు హాజరు లిస్టులోనూ ఉండొచ్చు, స్కాలర్‌షిప్ లిస్టులోనూ ఉండొచ్చు. ఆ లాభానికి చెల్లించే ధర తీసేటప్పుడు తెలుస్తుంది. వస్తువు దగ్గర తన నోడు చిరునామా లేదు కనుక, రిమూవ్ అంటే లిస్టు మొదటి నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ నడవాలి. పోల్చడానికి ఈక్వల్స్ కావాలి. పిల్లలు తమ స్టూడెంట్ క్లాసులో ఈక్వల్స్ రాయకుండా, అదే రోల్ నంబర్‌తో కొత్త వస్తువు చేసి తీయమంటారు. లిస్టు తీయదు, ఫాల్స్ అని చెప్పి ఊరుకుంటుంది. 2004లో జావా 5 వచ్చాక ఇంకో ఉచ్చు చేరింది. పూర్ణసంఖ్యల లిస్టులో రోల్ నంబర్ 3 తీయమంటే, అది 3ను స్థానం అనుకుని, సున్నా నుంచి లెక్కపెట్టి నాలుగోవాణ్ణి తీసేస్తుంది.

లూప్ తిరుగుతుండగా అదే లిస్టులోంచి తీస్తే జావా సాధారణంగా ఎక్సెప్షన్ విసిరి హెచ్చరిస్తుంది. అయితే ఒక చోట నోరు మెదపదు. చివరి నుంచి రెండోదాన్ని తీశారనుకోండి, లెక్క ఒకటి తగ్గుతుంది, లూప్ తన పని అయిపోయిందనుకుని ముగుస్తుంది. చివరివాడిని ఎవరూ చూడలేదు. ఫెయిలైనవాళ్ల పేర్లు తీసే ప్రోగ్రామ్‌లో చివరివాడు ఫెయిలైనా పాస్ లిస్టులో మిగులుతాడు. ఇటరేటర్‌తోనే తీయాలి అని ఊరికే చెబితే గుర్తుండదు, ఈ చివరివాణ్ణి చూపిస్తే ఏ పిల్లవాడూ మరచిపోడు.

ఈ కథలో ఒక పాయ మా జిల్లాల దాకా వచ్చిందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం దాచుకోలేను. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టిన డబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫోర్డ్ చేరి, 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. మార్గదర్శి ఎవరో కాదు, లిస్ప్ కట్టిన మెకార్తీయే. 1969లో కార్నెగీ మెలన్‌కు పోయారు. అక్కడ సహోద్యోగులు ఐపీఎల్ కట్టిన న్యూయెల్, సైమన్. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2008లో పల్లె బడుల పిల్లల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని వెనుక ఆయన ఆలోచన ఉంది, ఛాన్సలర్‌గానూ ఉన్నారు. మొదట్లో దానికి ఉన్న మూడు ప్రాంగణాల్లో ఒకటి బాసర, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో. 2016 జిల్లాల విభజన తర్వాత నిర్మల్‌కు పోయింది. పదో తరగతి మార్కులతో చేరిన పిల్లలు, ఇంట్లో అదివరకు కంప్యూటరే చూడనివాళ్లు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని లింక్డ్ లిస్టు నేర్చుకున్నారు. గోదావరి ఒడ్డున సరస్వతి గుడిలో అక్షరాభ్యాసాలు జరిగే ఊళ్లోనే. లిస్టును కనిపెట్టినవాళ్లకూ ఆ పిల్లలకూ నడుమ ఉన్నది ఒక్క మనిషి.

చివరగా, తీసిన నోడును మళ్లీ పెట్టడం సంగతి. సిములా అవుట్ తీసిన లింకులో చిరునామాలు చెరిపేస్తుందని చెప్పాను. జపాన్‌కు చెందిన హిటోట్సుమాట్సు, నోషిటా 1979లో దీనికి ఎదురు దారిలో ఆలోచించారు. చెరపకుండా వదిలేస్తే, తీసిన నోడుకు తన పాత పొరుగువాళ్లు గుర్తుంటారు. రెండు వరుసల కోడ్‌తో దాన్ని మళ్లీ సరిగ్గా అదే చోట కూర్చోబెట్టొచ్చు. డోనాల్డ్ నూత్ 2000లో ఈ ఉపాయానికి డ్యాన్సింగ్ లింక్స్ అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. ఒక దారి పట్టి చూసి, కాదని తెలిస్తే వెనక్కొచ్చి ఇంకో దారి పట్టే సుడోకు లాంటి చిక్కులకు ఇది దివ్యంగా పని చేస్తుంది. తీసినదాన్ని మళ్లీ పెట్టాల్సి ఉందా, ఇక ఎప్పటికీ అక్కర్లేదా అన్నది తేల్చుకున్నాకే ఆ రెండు చిరునామాల్ని ఏం చేయాలో తేలుతుంది. ఈ ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ నాకు కనపడలేదు.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, బాసరల్లో ఈ పాఠం చెప్పే తోటి అధ్యాపకులకు నాదొక్కటే మనవి. ఈసారి ఇన్‌హెరిటెన్స్ పాఠం కుక్కాపిల్లులతో మొదలుపెట్టకండి. బోర్డు మీద ఒక టోల్‌గేటు గీసి, బస్సునూ లారీనీ వరుసలో నిలబెట్టి, నడుమ ఉన్న లారీని బయటికి తీసే పని పిల్లల చేతికే ఇవ్వండి. మొదటిదాన్ని, చివరిదాన్ని, ఒంటరిగా మిగిలినదాన్ని కూడా వాళ్లనే తీయమనండి. బొమ్మ గీయకుండా కోడ్ రాసినవాళ్ల రికార్డు మీద సంతకం పెట్టకండి.